మేనత్త దిండ్లకు రాయితీ

మా మేనత్త పుదుచ్చేరి ఒర్లియంపేటలో తన ఇంటి ముందుగదిలో ఇరవై ఏళ్లకు పైగా దిండ్లు కుట్టింది. బూరుగు దూది దిండ్లు. ఆమె దాన్ని తమిళంలో లాగా పంజు అనేది. తమిళనాడులోని తేని వైపు నుంచి గోతాలకు గోతాలు వచ్చే ఆ పంజులో గింజలు ఏరి, వెదురు బెత్తంతో కొట్టి కొట్టి పొంగించి, చారల గుడ్డ సంచుల్లో కర్రతో కూరి, మూతి కుట్టేసేవాళ్లు. అత్తతో పాటు ముగ్గురు ఆడవాళ్లు పనిచేసేవాళ్లు. మామ పనిచేసే మిల్లు మూతపడిన ఏడు మొదలైన పని అది. మామ పోయాక కూడా ఆగలేదు.

మా పూర్వీకులు ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి గుడ్డల వ్యాపారానికి పుదుచ్చేరి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంట్లో తెలుగు నిలిచింది గానీ అక్షరాలు నిలవలేదు. మా నాన్నకు, అత్తకు తెలుగు చదవడం రాదు. మా అమ్మ నెల్లూరు నుంచి కోడలిగా వచ్చింది కాబట్టి, క్యాలెండరు కాగితాల వెనక నాకు అక్షరాలు దిద్దించింది. అందుకే ఇది తెలుగులో రాయగలుగుతున్నాను. రాసినంతవరకు అత్తకు చదివి వినిపిస్తే రెండు చోట్ల ఆపింది. పనివాళ్లు ముగ్గురు కాదట, నలుగురట. నాలుగో ఆమె మధ్యాహ్నం పూట మాత్రమే వచ్చేదట. రెండోది, బెత్తం వెదురుది కాదట, చింతబరికట. సరే, దిద్దుకున్నాను.

నేను కొత్త బస్టాండు దగ్గర ఒక చిన్న సంస్థలో టైపు, కంప్యూటరు నేర్పేదాన్ని. కరోనా కాలంలో అది మూతపడింది. రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాక అత్త కబురు పెట్టింది. "ఊరికే కూచోని ఏం చేస్తావు పాపా, వచ్చి గుడ్డ కత్తిరించు" అంది. మా ఇంటి నుంచి రెండు వీధులే. పోయాను. ఆ రోజు నుంచి నా జడలో, చీర కుచ్చిళ్లలో, చివరికి సాంబారులో కూడా పంజు లేని పూట లేదు.

ఆ పంజు వల్లనే ఎదురింటితో మాటలు పోయాయి. ఎదురింటాయన కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయిన మనిషి. మా లాగే తెలుగు వాళ్లే. నేను చేరడానికి ఏడెనిమిదేళ్ల ముందే ఆయన మునిసిపాలిటీకి ఫిర్యాదు రాశాడట. దిండ్ల దుమ్ము వీధంతా ఎగురుతోందని. శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చి, గదంతా చూసి, రాసుకుని, అత్తకు నోటీసు ఇచ్చి పోయాడట. అత్త కిటికీలకు సన్నటి వల కట్టించింది. ఎదురింటి వైపు మాత్రం మళ్లీ చూడలేదు. పొద్దున్నే ముగ్గు వేసేటప్పుడు కూడా ఆ ఇంటికి వీపు తిప్పి వేసేది. చుక్కలు పక్కకు పోయినా సరే.

నేను చేరిన మూడో ఏడు గిరాకీ ఎక్కువయింది. బీచి వైపు వీధుల్లో పాత ఇళ్లు ఒక్కొక్కటే గెస్ట్‌హౌస్‌లు అవుతున్నాయి. స్పాంజి దిండు మీద మెడ పట్టేస్తోందని వచ్చినవాళ్లు చెప్తే, గెస్ట్‌హౌస్ వాళ్లు అత్తను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. నలుగురి చేతులు చాలడం లేదు. గదిలో గోతాలు పెట్టే చోటు లేక అత్త మంచం వంటింట్లోకి పోయింది.

"మిషను కొనాల్సిందే అత్తా" అన్నాను ఒకరోజు. పంజులో గింజ తీసి, దుమ్ము పీల్చి, పొంగించే మిషన్లు కోయంబత్తూరులో దొరుకుతాయి. నేను ఫోనులో వీడియో చూపించాను. అత్త కళ్లజోడు పెట్టుకుని మూడుసార్లు చూసింది.

"దీన్ని యాడ పెడతావు? నా నెత్తిన పెడతావా?"

"ఏంబలంలో మామ షెడ్డు ఉంది గదా."

ఏంబలంలో మామ వాటాకు వచ్చిన కొంచెం నేల ఉంది. అందులో వేరుశనక్కాయలు పోసుకునే ఒక రేకుల షెడ్డు. నేల అత్త పేరు మీదికి మారింది గానీ, షెడ్డు తలుపు తీసి చాలా ఏళ్లయింది. అత్త మరునాడు పొద్దున బస్సెక్కి ఒక్కతే పోయి చూసి వచ్చింది. "రేకులు మార్చాల. గోడ గట్టిగానే ఉండాది" అంది. ఆమె ఒప్పుకున్నట్టే.

బ్యాంకుకు పోయాం. అక్కడి మేనేజరు లోను ఇస్తానన్నాడు గానీ ఒక మంచి మాట చెప్పాడు. "మిషనుకు అడ్వాన్సు ఇవ్వకముందే పరిశ్రమల ఆఫీసుకు పోయి అడగండమ్మా. కొత్తగా పెట్టేవాళ్లకి, ఉన్నదాన్ని పెంచుకునేవాళ్లకి ప్రభుత్వం రాయితీలు ఇస్తుంది. కొన్నాక పోతే ఇవ్వరు."

"ఊరికే ఇస్తారా?" అని అత్త నన్ను అడిగింది, ఆయన ఎదురుగానే.

"ఊరికే కాదమ్మా, కాగితాలకి ఇస్తారు" అని ఆయన నవ్వాడు.

పరిశ్రమల ఆఫీసులో మా ఫైలు చూసే ఆఫీసరమ్మకు నా వయసే ఉంటుంది. మాట కటువుగా ఉన్నా చెప్పేది విడమరచి చెప్పేది. మిషను ఖరీదులో కొంత భాగం వెనక్కి ఇస్తారు, యజమాని ఆడమనిషి అయితే ఇంకొంచెం ఎక్కువ. బ్యాంకు వడ్డీలో కొన్నేళ్ల పాటు కొంత వాళ్లే కడతారు. ఇదంతా తమిళంలో చెప్పి, రెండు ఫారాలు మా ముందు పెట్టింది. "ఇది కొత్త పరిశ్రమకు. ఇది విస్తరణకు. కొత్తదానికి కాగితాలు తక్కువ. విస్తరణ అయితే ఇప్పటిదాకా మీరేం చేస్తున్నారో, ఎంతమందితో చేస్తున్నారో రుజువు చూపించాలి. దాని మీద ఎంత పెరిగిందో చూసి ఇస్తాం."

మా దగ్గర ఏ రుజువూ లేదని నాకు తెలుసు. వెంటనే కొత్తదాని ఫారం అందుకున్నాను. పేరు, అడ్రసు, ఏంబలం సర్వే నంబరు, అన్నీ రాసి అత్తకు పెన్ను ఇచ్చాను. ఆమె తమిళంలో సంతకం పెడుతుంది.

ఆఫీసరమ్మ ఆపింది. "సంతకం పెట్టేముందు ఈ లైను ఆమెకు చదివి చెప్పండి."

చదివాను. ఈ వ్యాపారాన్ని దరఖాస్తుదారు ఇంతకు ముందు ఎక్కడా, ఏ రూపంలోనూ చేయలేదని ధ్రువీకరిస్తున్నాను అని ఉంది.

అత్త పెన్నుకు మూత పెట్టేసింది.

"నేను పెట్టను."

"అత్తా..."

"పెట్టను అంటే పెట్టను. పా పోదాం."

బయట బస్సు కోసం నిలబడినప్పుడు నేను ఊరుకోలేదు. "ఒక్క సంతకం పెడితే ఏం పోతుంది? ఆ గదిలో నువ్వేం చేశావో ఎవరికి తెలుసు?"

"అదే గదా నేను చెప్పేది" అంది అత్త. కుడిచేతి చూపుడువేలు నా ముఖం ముందు పెట్టింది. సూది పట్టి పట్టి ఆ వేలు కొస వంకర పోయింది. "ఇది ఎట్ల వంకర పోయిందో రాస్తావా ఆ ఫారంలో? మీ మామ మిల్లు మూసినాక మేం తిన్నది దేన్ని అమ్మి? ఇప్పుడు నేను గవర్నమెంటుకు రాసియ్యాల్నా, నేనేం చెయ్యలేదు, ఈ రోజే పుట్టినా అని?"

ఆమె కోపం కొంచెం దిగాక మెల్లగా అంది. "ఆ పనోళ్లే వస్తారు, ఆ బల్లలే పోతాయి, ఆ గిరాకీనే. రేపు ఆయమ్మ చూడ్డానికొచ్చి వాళ్లను అడిగితే, వాళ్లకు కూడా అబద్ధం నేర్పాల్నా?"

బస్సు వచ్చింది. ఇంటికి చేరేలోపల విస్తరణ ఫారమే పెడదామని తేలిపోయింది. తేలింది అంటే అత్త తేల్చింది.

రుజువుల కోసం తిరగడం నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. ఇంట్లో పెట్టెలన్నీ దింపాం. కరెంటు బిల్లు ఇంటి బిల్లు, అదీ మామ పేరు మీద. పంజు గోతాలు లారీలో వచ్చేవి, లారీ చీటీని అత్త పొయ్యి అంటించడానికి వాడుకునేది. గెస్ట్‌హౌస్‌ల వాళ్లు చేతికి డబ్బిచ్చి దిండ్లు రిక్షాలో వేసుకుపోయేవాళ్లు. అందరికంటే పాత గిరాకీ అయిన ఒక గెస్ట్‌హౌస్ యజమానురాలి దగ్గరికి పోతే ఆమె మమ్మల్ని మేడ మీదికి తీసుకెళ్లి ప్రతి గదిలో ప్రతి దిండునూ చూపించింది. అత్త ఒక్కో దిండును నొక్కి చూసి, "ఇది మనదే, ఇది మనదే, ఇది కాదు, ఇది ఎవురో దొంగపని చేసినారు" అంటూ నడిచింది. ఒక గదిలో దంపతులు ఉన్నారు. తలుపు తీసి నిలబడ్డారు పాపం, ఇద్దరు ఆడవాళ్లు వచ్చి తమ దిండ్లు ఎందుకు పిసుకుతున్నారో అర్థం కాక.

ఆ యజమానురాలు ఉత్తరం రాసిచ్చింది. పదిహేనేళ్లుగా ఈమె దగ్గరే కొంటున్నాం, ఇంత మెత్తటి దిండ్లు ఎక్కడా దొరకవు అని. దాన్ని పట్టుకుని పరుగున పోయాం.

ఆఫీసరమ్మ చదివింది. "బాగా రాశారు. కానీ ఇది ఈ వారం రాసింది. నాకు పాత తేదీ ఉన్న కాగితం కావాలి. ఏదైనా ఆఫీసు ఇచ్చింది. లైసెన్సు గానీ, పన్ను రసీదు గానీ, ఎవరైనా వచ్చి చూసి రాసిన రిపోర్టు గానీ."

మెట్లు దిగుతుండగా అత్త ఆగిపోయింది.

"ఒకటి ఉండేది" అంది.

"ఏంది?"

"మునిసిపాలిటీ నోటీసు."

ఎవరో వచ్చి చూసి, రాసి, తేదీ వేసి, ముద్ర వేసి ఇచ్చిన కాగితం. "యాడ పెట్టినావు?"

అత్త ఇటూ అటూ చూసింది. "కోపంలో చించేసినా. చించి, ఒక దిండులో కూరేసినా."

"ఆ దిండు యాడుంది?"

"అమ్మేసినా."

ఆ మెట్ల మీదే కూర్చుని ఇద్దరం నవ్వాం. పైకి పోయేవాళ్లు మమ్మల్ని చుట్టి పోయారు. నవ్వు ఆగాక తెలిసింది, మునిసిపాలిటీలో అడగాలంటే నోటీసు నంబరు, తేదీ మాకు గుర్తు లేవు, ఆ కాగితం నకలు వెంటనే దొరికే అవకాశం ఇంకొక్క చోటే ఉంది. ఫిర్యాదు చేసిన మనిషి దగ్గర.

అత్త రానంది. నేనొక్కదాన్నే పోయాను. ఎదురింటాయన వసారాలో పేపరు చదువుకుంటున్నాడు. ఉయ్యాల బల్ల మీద ఆయన భార్య చిక్కుడుకాయలు వలుస్తోంది. విషయమంతా చెప్పాను. ఆయన పేపరు మడిచాడు. మడతలు సరిగ్గా కలిసేదాకా ఆగాడు.

"ఉంది" అన్నాడు. "నేను పంపిన ప్రతి అర్జీకి నకలు ఉంది. జవాబుకూ ఉంది. కానీ నీకియ్యను. ఆమెను రమ్మను."

"ఎందుకు మామా?"

"నోటీసు ఆమె పేరు మీద ఉంది. ఆమెకే ఇయ్యాల. పద్ధతి."

ఆయన భార్య చిక్కుడుకాయ పక్కన పడేసి, "పద్ధతీ లేదు పాడూ లేదు. ఆయప్పకు ఆమెతో మాట్లాడాలని ఉండాది, అడగడం చేతగాదు" అంది.

ఇంటికొచ్చి చెప్తే అత్త చాలాసేపు గుడ్డ కత్తిరిస్తూ కూర్చుంది. తర్వాత లేచి, ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, వీధి దాటింది. పది అడుగులు ఉండదు ఆ వీధి. తొమ్మిదేళ్లుగా దాటలేదు.

ఆయన అప్పటికే ఫైలు తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. ఎర్ర నాడాతో కట్టిన ఫైలు. అత్తను కూర్చోమన్నాడు. ఆమె నిలబడే ఉంది. ఆయన ముడి విప్పి ముందు తన ఫిర్యాదు తీశాడు. "ఇది లేకుండా మిగతాది అర్థం కాదు" అంటూ తమిళంలో ఉన్నదాన్ని గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. ఎదురింటి స్త్రీ దిండ్ల తయారీ పేరుతో వీధిలో నిత్యం మేఘాలు సృష్టిస్తున్నదని, ఉతికిన పంచె ఆరేలోపల మేకపిల్ల లాగా బొచ్చు మొలుస్తున్నదని, ఆమె పనివాళ్లు పాడే పాటలు కూడా శ్రుతిలో లేవని. అక్కడికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గింది. చదవడం ఆపేశాడు.

"పాటల గురించి కూడా రాసినావా అన్నా?" అంది అత్త.

"అప్పుడు... కోపంలో రాసినా."

అత్త నవ్వింది. ముందు ముక్కుతో, తర్వాత గట్టిగా. "అది మాత్రం నిజమే. ఆ మధ్యాహ్నం వచ్చే ఆమెకు గొంతే లేదు" అని కుర్చీ లాక్కుని కూర్చుంది.

అప్పుడు ఆయన భార్య అసలు సంగతి చెప్పింది. ఆమెకు ఆయాసం. ఆ రోజుల్లో పంజు ఎగిరితే ఊపిరి ఆడేది కాదు. "పోయి ఒక మాట చెప్పిరా, మంచి మనిషే అని నేనన్నా. ఈయన కాగితం తీసుకుని కూచున్నాడు."

అత్త ముఖం మారింది. "నాకు తెలీదక్కా. ఒక్క మాట చెప్పుంటే ఆ రోజే వల కట్టించేదాన్ని. నోటీసు వచ్చినాకనే కట్టించినా."

"వల కట్టినాక బాగానే ఉండాది" అంది ఆమె.

ఎదురింటాయన తలవంచుకుని ఫైలు కాగితాలు సర్దుతూ అన్నాడు. "ముప్పై ఏళ్లు ఆఫీసులో రాసిన చెయ్యి. మనిషి ఎదురుగా నిలబడి చెప్పేది నాకు రాదమ్మా. రాసేదే వచ్చు."

నోటీసు నకలు దొరికింది. దాని వెనక శానిటరీ ఇన్‌స్పెక్టరు రిపోర్టు నకలు కూడా ఉంది, ఆయన అర్జీ పెట్టి తెప్పించుకున్నది. నేను నిలబడే చదివాను. పై అడ్రసులో దిండ్ల తయారీ నడుస్తున్నది. నలుగురు స్త్రీలు పనిచేస్తున్నారు. రెండు బల్లలు, ఒక కుట్టుమిషను. పద్దెనిమిది గోతాల దూది నిల్వ. కింద తేదీ, ముద్ర. ఆఫీసరమ్మ అడిగినవన్నీ ఒక్క కాగితంలో.

"ఆయన బాగా చూసి రాసినాడు" అంది అత్త మెచ్చుకోలుగా. "గోతాలు కూడా లెక్కపెట్టినాడా!"

మరునాడు ఎదురింటాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మాతో పాటు బయల్దేరాడు. మేము పిలవలేదు. ఆఫీసులో ఆయనే ముందు నడిచాడు. ఆఫీసరమ్మ ఫిర్యాదు కూడా చదివింది. మేకపిల్ల దగ్గర పెదవి కొరుక్కుంది. తర్వాత తలెత్తి ఆయన్ని అడిగింది. "ఈ పరిశ్రమ మీద ఫిర్యాదు చేసింది మీరే. ఇప్పుడు దానికి రాయితీ ఇప్పించడానికి వచ్చిందీ మీరే."

"అవును మేడం. పరిశ్రమ ఉందని నాకంటే బాగా ఎవరికీ తెలీదు" అన్నాడు.

ఆమె నవ్వి రిపోర్టును ఫైలులో పెట్టుకుంది. మునిసిపాలిటీలో అసలు కాపీతో సరిచూసుకుంటానంది. రెండు వారాల తర్వాత ఫోను వచ్చింది. విస్తరణ కింద తీసుకున్నాం, ఇక మిషను కొనుక్కోవచ్చు అని.

ఏంబలం షెడ్డుకు కొత్త రేకులు వేయించాం. మూడు ఫేజుల కరెంటు కోసం ఎదురింటాయన తన పాత స్నేహితుల పేర్లు చెప్పకుండా, మామూలు వరుసలో నిలబడి దరఖాస్తు పెట్టాడు. అదే ఆయనకు గొప్ప. కోయంబత్తూరు నుంచి మిషను లారీలో వచ్చింది. ఆకుపచ్చ రంగు, నా ఎత్తు ఉంది. అత్త దానికి పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, మీట నొక్కింది. ఒర్లియంపేటలో నలుగురు పొద్దంతా కొట్టే పంజును, మేము కాఫీ తాగి వచ్చేలోపల ఆ మిషను పొంగించేసింది. మధ్యాహ్నం పూట వచ్చే ఆమె, గొంతు లేని ఆమె, కళ్లు తుడుచుకుంది. చింతబరిక పట్టి పట్టి ఆమె భుజం ఎప్పుడో పోయింది.

తనిఖీకి ఆఫీసరమ్మ స్వయంగా వచ్చింది. మిషను నంబరు రాసుకుంది, బిల్లుతో సరిచూసింది, టేపు పెట్టి షెడ్డు కొలిచింది. ఒర్లియంపేట నుంచి రోజూ బస్సులో వచ్చే నలుగురినీ, ఏంబలంలో కొత్తగా చేరిన ఐదుగురినీ వరుసగా నిలబెట్టి అడిగింది. అబద్ధం నేర్పాల్సిన పని లేదు కాబట్టి మేము పక్కన నిలబడి వింటున్నాం. తర్వాత ఆమె, "మిషను నడిపి చూపించండి" అంది. దుమ్ము పీల్చే గొట్టం సరిగ్గా తగిలించారో లేదో నేను చూడలేదు. తప్పు నాదే. మీట నొక్కగానే గొట్టం ఊడి, షెడ్డంతా తెల్లగా అయిపోయింది. ఒక నిమిషం ఎవరూ కనిపించలేదు. పంజు కిందికి దిగాక చూస్తే ఆఫీసరమ్మ జుట్టు, కనుబొమలు, చేతిలో ఫైలు, అంతా పంజు. పదకొండుసార్లు తుమ్మింది. అత్త ఒక్కో తుమ్ముకూ "నూరేళ్లు" అంటూ నిలబడింది.

మా పని అయిపోయిందనుకున్నాను. ఆమె చేతిరుమాలుతో ముఖం తుడుచుకుని, ఫైలు దులిపి, రాస్తూ పైకే అంది. "మిషను పనిచేస్తున్నది."

తర్వాత గొట్టం బిగించేదాకా కదలకుండా నిలబడి, పనివాళ్లందరికీ ముక్కుకు గుడ్డలు ఇవ్వాలని గట్టిగా చెప్పి, మజ్జిగ తాగి వెళ్లింది.

ఇక ఎదురుచూడడమే. మా లాంటివాళ్లు చాలామంది ఉంటారు, నిధులు వచ్చినప్పుడు వరుసలో ఇస్తారు అని ముందే చెప్పింది. నెలలు గడిచాయి. ఎదురింటాయన నెలకొకసారి పోయి మా ఫైలు ఎక్కడుందో కనుక్కుని వచ్చేవాడు. రిటైరయ్యాక మళ్లీ ఆఫీసుకు పోతున్నట్టు తలదువ్వుకుని పోయేవాడు. వచ్చాక మా వసారాలో కూర్చుని, ఫైలు ఏ బల్ల నుంచి ఏ బల్లకు కదిలిందో అత్తకు వివరించేవాడు. అత్త కాఫీ ఇచ్చి, సగం విని, సగం నిద్రపోయేది. ఆయన భార్య వీధి అవతల నుంచి "ఇంక వదిలెయ్యి ఆమెను" అని కేకేసేది.

అత్తకు ఆ డబ్బు మీద ఆశ పోయింది. ఏడుపుతో కాదు, పని ఎక్కువై. పొద్దున ఆరున్నర బస్సుకు పోతే సాయంత్రానికి వచ్చేది. డెబ్బైకి దగ్గరవుతున్న మనిషికి కొత్త ఉద్యోగం వచ్చినట్టుంది. షెడ్డులో ఆమెకు ఒక కుర్చీ వేశాం. ఆ కుర్చీలో ఎక్కువగా చారల గుడ్డ తానులే కూర్చునేవి.

ఏడాది దాటాక ఉత్తరం వచ్చింది. నేను చదివి చెప్పాను. మిషనుకు రాయితీ మంజూరయింది, ఆడవాళ్లకిచ్చే అదనపు భాగంతో సహా. వడ్డీలో కూడా వాళ్ల వంతు కడతారు. రేకులకు మాత్రం ఇవ్వలేదు. షెడ్డు పాతది, మరమ్మతును కొత్త కట్టడంగా లెక్కించలేం అని రాశారు.

"న్యాయమే" అంది అత్త. "షెడ్డు పాతదే గదా." ఆ వెంటనే అడిగింది. "డబ్బు ఎప్పుడిస్తారు?"

"నీ చేతికి రాదత్తా. నేరుగా బ్యాంకులో మన లోనుకు పడుతుంది. అంత మేరకు లోను తగ్గుతుంది."

"అంటే నేను కళ్లతో చూసేది లేదా?"

"లేదు."

"ఇంత తిరిగి, ఇంత రాసి, వచ్చిన దుడ్డు ముఖం కూడా చూసేది లేదా!" అని ఆమె చెంప మీద చెయ్యి పెట్టుకుంది. మరునాడు నేను బ్యాంకులో పాసుబుక్కు వేయించి తెచ్చి, తగ్గిన అంకె మీద వేలు పెట్టి చూపించాను. ఆమె ఆ అంకెను తన వేలితో కూడా తాకి చూసింది. ఆ సాయంత్రం ఎదురింటికి ఒక గిన్నెడు పాయసం పోయింది. ఆఫీసరమ్మకు కూడా ఒక జత దిండ్లు ఇవ్వాలని అత్త పట్టుబట్టింది. ఎదురింటాయన ఒప్పుకోలేదు. ప్రభుత్వ ఉద్యోగికి కానుక ఇవ్వకూడదు, అది పద్ధతి కాదు అన్నాడు. ఆమె ట్రాన్స్‌ఫరయి వేరే ఆఫీసుకు పోయాక, ఒకరోజు తనే వచ్చి డబ్బిచ్చి రెండు కొనుక్కుంది. బిల్లు అడిగి తీసుకుంది. ఇప్పుడు మేము బిల్లు పుస్తకం అచ్చు వేయించాం.

మొన్న కదిర్కామంలో ఒక విద్యార్థుల హాస్టలుకు దిండ్లు కావాలని కబురు వచ్చింది. అంత పెద్ద ఆర్డరు అదే మొదటిసారి. మేమిద్దరం కలిపి పదకొండు మందిమి మూడు వారాలు చేశాం. వ్యాను నిండా దిండ్లు పేర్చి, తాళ్లు బిగించాం. నేను వెనక బస్సులో పోదామన్నాను. అత్త వినలేదు. చీర కొంగు దోపుకుని, డ్రైవరు పక్క సీటులో ఎక్కి కూర్చుంది. నేను బస్సులో పోయాను. ఏంబలం దాటగానే ఆమె డ్రైవరుతో మాటలు మొదలుపెట్టిందట. ఏ దిండు ఎట్ల కుట్టాలి, పంజులో ఏది మంచిది, ఏది కల్తీ అని. కిటికీలోంచి గాలి వస్తోందట. ఆమె జుట్టులో నుంచి ఒక్కో పంజు పోగూ లేచి రోడ్డు మీదికి పోతోందట. ఆ డ్రైవరు పాపం కదిర్కామం దాకా "సరి అమ్మా, సరి అమ్మా" అంటూనే నడిపాడట. హాస్టలు గేటు దగ్గర దిగేటప్పుడు తన ఇంటికి నాలుగు దిండ్లు ఆర్డరిచ్చాడట.